లక్షా ముప్పై అయిదు వేలు పెట్టి ఫోన్ కొనొచ్చా? రిపేరు చేసేవాడి లెక్క

మీరడిగింది ఇదీ: చెన్నై షోలింగనల్లూరులో ఐటీ ఉద్యోగం, పీఎఫ్, పన్ను పోగా చేతికి నెలకు 65 వేలు వస్తుంది. అందులో కొంత ఒంగోలులో ఇంటికి పంపాలి. మూడేళ్ల కిందట 22 వేలకు కొన్న ఆండ్రాయిడ్ ఫోన్‌లో స్టోరేజీ నిండిపోయింది, ఇప్పుడు ఏ యాప్ తెరిచినా గుండ్రంగా తిరుగుతూ కూర్చుంటోంది. మధ్యాహ్నం మూడయ్యేసరికి చార్జర్ వెతుక్కోవాల్సి వస్తోంది. టీమ్‌లో నలుగురు ఐఫోన్ 17 ప్రో తీసుకున్నారు, మీరూ 12 నెలల నో కాస్ట్ ఈఎంఐలో తీసుకుందామా అని చూస్తున్నారు. 1,34,900 రూపాయలకు తగ్గ విలువ అందులో ఉందా?

మీకైతే లేదు. ఆ ఫోన్ బాగాలేదని కాదు, చాలా బాగుంది. కానీ మీరు రాసిన వాడకానికి, అంటే యూపీఐ, మ్యాప్స్, ఆఫీసు మీటింగులు, రీల్స్, పాప ఫొటోలు, వీటికి ఆ ధరలో పై 50 వేలు మీకు ఏ రోజూ ఉపయోగపడవు. ముందు పాత ఫోన్‌కి బ్యాటరీ మార్పించి చూడండి. అప్పటికీ కొత్తది కావాలనిపిస్తే అదే కంపెనీ మామూలు మోడల్ గానీ, ఒకటి రెండేళ్ల కిందటి ఆండ్రాయిడ్ ఫ్లాగ్‌షిప్ (కంపెనీ పై స్థాయి ఫోన్) గానీ చూడండి. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను.

నేను చెన్నైలో ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచీ స్ట్రీట్‌లో మొబైల్ రిపేరు చేస్తాను. సొంతూరు నెల్లూరు దగ్గర, వచ్చి చాలా కాలమైంది. డిస్‌ప్లే, బ్యాటరీ మార్చడం దగ్గర్నుంచి బోర్డు పని దాకా అన్నీ చేస్తాను. కొత్త ఫోన్లు అమ్మను. పాత ఫోన్ బాగు చేయించుకోమని చెప్పడంలో నా లాంటివాళ్లకు లాభం ఉందని మీకు అనుమానం రావచ్చు, అది సహజం. అందుకే లెక్కలు కూడా రాస్తున్నాను, మీరే వేసి చూసుకోండి.

ముందు ఆ ధర సంగతి. 2025 సెప్టెంబర్‌లో ఐఫోన్ 17 మామూలు మోడల్ 82,900కి, 17 ప్రో 1,34,900కి వచ్చాయి. రెండింటిలోనూ 256 జీబీ స్టోరేజీ. తేడా సరిగ్గా 52,000. కాబట్టి మీరు వేసుకోవాల్సిన ప్రశ్న "ఐఫోన్ కొనాలా వద్దా" అన్నది కాదు, "ఈ 52 వేలకు అదనంగా ఏం వస్తోంది" అన్నది. దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగి తీసే టెలిఫొటో కెమెరా వస్తుంది. సినిమా పనికి వాడే ప్రోరెస్ వీడియో వస్తుంది. ఎక్కువసేపు గేమ్ ఆడినా, 4కే వీడియో తీసినా వేడిని పరిచేసే వేపర్ చాంబర్ ఉంటుంది. పెద్ద వీడియో ఫైళ్లు కంప్యూటర్‌లోకి త్వరగా వెళ్లే యూఎస్‌బీ 3 పోర్టు ఉంటుంది. ప్రాసెసర్ ఒక మెట్టు పైన. ఇంతకుముందు ప్రోలో మాత్రమే ఉండే 120 హెర్ట్జ్ తెర ఈసారి మామూలు 17లోనే వచ్చేసింది. మునుపు చాలామంది ప్రో కొనడానికి పెద్ద కారణం ఆ నున్నటి స్క్రోలింగే. ఇప్పుడు ఆ కారణం పోయింది.

మీరు రాసిన వాడకంలో ఈ జాబితాలోది ఏదైనా ఉందా? పాప స్కూల్ డ్యాన్సు రోజున ఆడిటోరియం చివరి వరసలో కూర్చుంటే టెలిఫొటో పనికొస్తుంది. నిజమే, ఏడాదికి ఒకసారి.

నా కౌంటర్ దగ్గర ఏళ్లుగా చూస్తున్నది ఒకటుంది. 12 వేల ఫోన్ నుంచి 25 వేల ఫోన్‌కి మారినవాళ్లకు తేడా మొదటి రోజే తెలుస్తుంది. 25 నుంచి 50కి వెళ్లినా తెలుస్తుంది: కెమెరా రాత్రిపూట బాగుంటుంది, తెర ఎండలో కనిపిస్తుంది, మూడేళ్లయినా నెమ్మదించదు. 50 నుంచి 80కి వెళ్తే కొంత తెలుస్తుంది. 80 దాటాక కెమెరాతో బతికేవాళ్లకు తప్ప మిగతావాళ్లకు తేడా చెప్పడం కష్టం. రెండు ఫోన్ల బ్రాండు కనిపించకుండా కవర్లు వేసి చేతికిస్తే, ఏది ఖరీదైనదో బరువు చూసి చెబుతారు, పని చూసి కాదు.

ఫోన్ ధరను నెల ఖర్చుగా మార్చి చూడండి. కొన్న ధరకు మధ్యలో పెట్టే రిపేరు ఖర్చు కలపాలి, చివర్లో అమ్మితే వచ్చేది తీసెయ్యాలి, వాడిన నెలలతో భాగించాలి. మీ పాత ఫోన్ 22 వేలు, ఇప్పుడు 3 వేలు వస్తుందనుకుందాం. 36 నెలలకు 19 వేలు, అంటే నెలకు సుమారు 530 రూపాయలు. ఐఫోన్ 17ను 82,900కి కొని, అయిదేళ్లు వాడి, మధ్యలో ఒక బ్యాటరీకి 8 వేలు పెట్టి, చివర్లో 18 వేలకు అమ్మారనుకోండి. నెలకు 1,215. ప్రోను 1,34,900కి కొని రెండేళ్లకే 70 వేలకు అమ్మి ఇంకొకటి కొంటే నెలకు 2,700. అదే ప్రోను ఆరేళ్లు ఉంచుకుని, బ్యాటరీకి 9 వేలు పెట్టి, 15 వేలకు అమ్మితే నెలకు 1,790. అమ్మకం ధరలు నా అంచనా, మీ అంచనా వేసుకున్నా ఫలితం పెద్దగా మారదు. ఖరీదైన ఫోన్ ఎక్కువ ఏళ్లు ఉంచుకునేవాడికే గిట్టుతుంది. కానీ ప్రో కొనేవాళ్లలో ఎక్కువమంది రెండేళ్లకే మార్చేస్తారు. తమాషా ఏమిటంటే, ఆరేళ్లు ఉంచుకునే ఓపిక ఉన్నవాడు అసలు ప్రో అడగడు.

నా దగ్గరికి వచ్చే ఒక బ్యాంకు ఆఫీసర్ గారు ఉన్నారు, టీ నగర్‌లో ఉంటారు. 2019లో వచ్చిన ఐఫోన్ 11 ఇంకా వాడుతున్నారు. రెండుసార్లు బ్యాటరీ, ఒకసారి వెనక అద్దం మార్చాం. 2025లో వచ్చిన ఆపిల్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 26 కూడా ఆ ఫోన్‌కి వచ్చింది. ఎప్పుడొచ్చినా ఒకటే మాట: "దీంట్లో ఫోన్ మాట్లాడితే అవతలివాళ్లకు వినిపిస్తోంది కదా, ఇంకేం కావాలి?" ఆయనకు ఆ ఫోన్ నెలకు ఎంత పడిందో లెక్క వేస్తే మనకు సిగ్గేస్తుంది.

అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయన్నది అందుకే మొదట అడగాలి. కెమెరా మెగాపిక్సెల్ తరవాత. గూగుల్ పిక్సెల్ 8 నుంచి, శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్24 నుంచి ఏడేళ్లు ఇస్తామని ఆ కంపెనీలు ప్రకటించాయి. ఆపిల్ అలా గట్టిగా మాట ఇవ్వకపోయినా ఆరేడేళ్లు ఇస్తూనే వచ్చింది. చవక ఫోన్లలో చాలావాటికి రెండు మూడేళ్లే. మన డబ్బంతా యూపీఐలో తిరుగుతున్న రోజుల్లో సెక్యూరిటీ ప్యాచ్ (భద్రతా లోపాలు సరిచేసే అప్‌డేట్) ఆగిపోయిన ఫోన్ నాకైతే టెన్షన్. మీ పాత ఫోన్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి సెక్యూరిటీ ప్యాచ్ తేదీ చూడండి. ఏడాది పైగా పాతదైతే మాత్రం బ్యాటరీ మార్చి నడిపించమన్న నా సలహా వెనక్కి తీసుకుంటాను, ఫోన్ మార్చండి.

ఇక నా బెంచీ మీదకు ఏం వస్తాయో చెబుతాను. షోరూమ్‌వాళ్లు చెప్పేది కాదు ఇది.

పగలడంలో ఖరీదైన ఫోన్, చవక ఫోన్ అన్న తేడా లేదు, బాగు చేయించడంలో ఉంది. అద్దం అద్దమే. ఎలక్ట్రిక్ ట్రైన్ దిగేటప్పుడు జేబులోంచి జారిందా, రెండూ పగులుతాయి. 20 వేల ఫోన్ డిస్‌ప్లే మూడు నాలుగు వేలలో అయిపోతుంది. లక్ష దాటిన ఫోన్‌కి ఒరిజినల్ డిస్‌ప్లే అంటే ఫోన్ ధరలో నాలుగో వంతు దాకా పోవచ్చు. అప్పుడు మొదలవుతుంది బేరం. మా వీధిలో ఒకే మోడల్‌కి మూడు రకాల కాంబోలు (తెర, టచ్ కలిపిన సెట్లు) దొరుకుతాయి: ఒరిజినల్, ఓలెడ్ కాపీ, చవకైన ఎల్‌సీడీ రకం ఇన్‌సెల్ కాపీ. ఇన్‌సెల్ వేస్తే తెర కొంచెం పైకి ఉబ్బినట్టు కూర్చుంటుంది, నలుపు నల్లగా ఉండదు, బ్యాటరీ ఎక్కువ తింటుంది. ఐఫోన్‌లో అయితే సెట్టింగ్స్‌లో అది అసలు పార్ట్ అని నిర్ధారణ కావడం లేదని రాసి చూపిస్తుంది, అమ్మేటప్పుడు ధర పడిపోతుంది. లక్ష పెట్టి ఫోన్ కొన్నవాళ్లు ఏడాది తిరక్కముందే నాలుగు వేల ఇన్‌సెల్ వేయించుకుని వెళ్లడం నేను తరచూ చూస్తాను. ఆ తెరతో అది ఇక లక్ష రూపాయల ఫోన్ కాదు.

కాబట్టి కొనేముందు ఆ మోడల్‌కి డిస్‌ప్లే ధర, బ్యాటరీ ధర కంపెనీ సైటులో చూడండి, లేదా సర్వీసు సెంటర్‌కి ఫోన్ చేసి అడగండి. ఆ ధర వినగానే గుండె ఝల్లుమంటే ఆ ఫోన్ మీ బడ్జెట్‌ది కాదు. ఫోన్‌తో పాటు ప్రమాద బీమా ప్లాన్ తీసుకుంటే దాని ధర కూడా ఫోన్ ధరలోనే కలిపి లెక్కేసుకోండి. పగిలిన ప్రతిసారీ మనం కొంత కట్టాలి, ఆ మొత్తం ఎంతో చదవండి. పోగొట్టుకుంటే, దొంగలు ఎత్తుకెళ్తే వర్తిస్తుందో లేదో కూడా.

ఇంకోటి, అమోలెడ్ తెర మీద పైనుంచి కిందకు పడే పచ్చ గీత. కింద పడలేదు, తడవలేదు, ఒక పొద్దున లేచి చూస్తే గీత ఉంటుంది. ఇది ఒక కంపెనీకే పరిమితం కాదు, ఖరీదైన ఫోన్లలోనూ వచ్చింది. కొన్ని మోడళ్లకు కంపెనీలు ఉచితంగా తెర మార్చి ఇచ్చాయి. అందుకే గీత పడిన ఫోన్ తెస్తే నేను ముందు విప్పను, సర్వీసు సెంటర్‌కి పంపిస్తాను. బయట విప్పిన ఫోన్‌ని వాళ్లు ఒప్పుకోకపోవచ్చు.

నీళ్ల సంగతి చెన్నైలో ఉన్నవాళ్లకు చెప్పాలి. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను వచ్చిన వారం మా బల్ల మీద వేలచ్చేరి, పళ్లికరణై ఫోన్లే. వాటిలో ఒకటి ఐపీ68 రేటింగ్ (నీళ్లు, దుమ్ము దూరకుండా ఇచ్చే రక్షణ స్థాయి) ఉన్న ఫోన్, కొని ఏడాదిన్నర. మోకాళ్ల లోతు నీళ్లలో బండి తోసుకుంటూ వస్తుంటే చొక్కా జేబులోంచి జారిందట. సిమ్ ట్రే లాగి లోపలికి టార్చి వేస్తే తెల్లగా ఉండాల్సిన చిన్న స్టికర్ ఎర్రగా మారి ఉంది. వెనక అద్దం వేడి చేసి, సక్షన్ కప్పు పెట్టి లేపితే అంచున ఉన్న నల్లటి జిగురు ఒక మూల ఊడిపోయింది. అక్కణ్నుంచే దారి చేసుకున్నట్టుంది, బ్యాటరీ కింద సన్నటి బురద చార. చార్జింగ్ కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి పొడి. "అన్నా, ఇది వాటర్‌ప్రూఫ్ కదా" అన్నాడు ఆ అబ్బాయి. ఐపీ68 పరీక్ష జరిగేది కొత్త ఫోన్ మీద, ల్యాబులో, కదలని మంచినీళ్లలో. డ్రైనేజీ కలిసిన వాన నీళ్లకు, బీచ్ ఉప్పు నీళ్లకు ఆ హామీ లేదు. ఒకసారి కింద పడి ఫ్రేము కొంచెం వంగినా, ఒకసారి విప్పి మళ్లీ అతికించినా ఆ రక్షణ తగ్గిపోతుంది. పైగా నీళ్లు దూరి పాడైతే మామూలు వారంటీ కింద కంపెనీలు బాగు చేయవు. రేటింగ్ ఉండటం మంచిదే, టీ ఒలికినా వానలో తడిసినా కాపాడుతుంది. బెసెంట్ నగర్ బీచ్‌లో అలల్లో నిలబడి సెల్ఫీ తీసుకోవడానికి కాదు.

బ్యాటరీ గురించి కూడా కాస్త. మీ ఫోన్ మధ్యాహ్నానికే అయిపోతోందంటే అది బ్యాటరీ వయసు. లిథియం అయాన్ బ్యాటరీ ఎన్నిసార్లు పూర్తిగా ఖాళీ అయి నిండితే అంత అరుగుతుంది, అలా ఒకసారి నిండి ఖాళీ అవడాన్ని సైకిల్ అంటారు. ఐఫోన్ 14 వరకు 500 సైకిళ్లకు 80 శాతం సామర్థ్యం మిగిలేలా చేశామని, 15 నుంచి 1000 సైకిళ్లకు 80 శాతం అని ఆపిల్ చెబుతుంది. రోజుకో సైకిల్ వాడేవాడికి ఒకటి ఏడాదిన్నర లోపు, ఇంకొకటి మూడేళ్ల లోపు. ఎంత ఖరీదైన ఫోన్ అయినా దీన్ని తప్పించుకోలేదు. దీన్ని త్వరగా చంపేది వేడి. మే నెలలో బైక్ మీద ఎండలో ఫోన్ బిగించి, మ్యాప్స్ పెట్టి, చార్జింగ్ కూడా పెట్టే డెలివరీ కుర్రాళ్ల ఫోన్లు నేను విప్పితే బ్యాటరీ దిండులా ఉబ్బి ఉంటుంది.

బైక్ మాట వచ్చింది కాబట్టి: ఖరీదైన ఫోన్‌ని హ్యాండిల్‌కి బిగించకండి. ఫొటో కదలకుండా ఉండటానికి కెమెరాలో లెన్సు చిన్న స్ప్రింగుల మీద తేలుతూ ఉంటుంది. పెద్ద ఇంజిన్ బైకుల వణుకుకు అది పాడయ్యే అవకాశం ఉందని 2021లో ఆపిల్ స్వయంగా హెచ్చరించింది. నా దగ్గరికి కెమెరా తెరవగానే గరగర శబ్దం చేస్తూ వణికే ఫోన్లు వస్తాయి. "బైక్ మీద పెడతారా?" అని అడిగితే చాలాసార్లు అవుననే జవాబు.

ఈఎంఐ సంగతి. నో కాస్ట్ అంటే వడ్డీ లేదని కాదు, వడ్డీకి సమానమైన డిస్కౌంటు ముందే తీసేసి చూపిస్తారు. సున్నా వడ్డీ అనే మాటే అసలు లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే బ్యాంకు ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ వేస్తుంది, అది మన జేబులోంచే. 1,34,900ను 12 వాయిదాలు చేస్తే నెలకు 11,242. వడ్డీ 16 శాతం అనుకుంటే అందులో వడ్డీ భాగం దాదాపు 11 వేలు, దాని మీద జీఎస్టీ ఇంకో 2 వేలు. ప్రాసెసింగ్ ఫీజు వేరే. ఒకేసారి కట్టేవాళ్లకిచ్చే తగ్గింపు ఈఎంఐకి లేకపోతే అదీ పోయినట్టే. ఇది పెద్ద మోసమేం కాదు, తెలిసి తీసుకుంటే ఇబ్బంది లేదు. మీ విషయంలో అసలు ఇబ్బంది 65 వేలలో 11 వేలు ఏడాది పాటు కట్టయిపోవడం. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదంటే ముందు గుర్తొచ్చేది ఆ 11 వేలే.

నా లెక్క ఒకటి చెబుతాను, ఎవరూ రాసిపెట్టింది కాదు: ఫోన్ ధర మీ చేతికొచ్చే ఒక నెల జీతం దాటకూడదు. అయిదేళ్లు ఉంచుకుంటానన్న నమ్మకం మీకుంటే ఇంకో నాలుగో వంతు పైకి జరగొచ్చు. ఆ లెక్కన మీ గీత 65 వేలు, గట్టిగా లాగితే 80. పండగ ఆఫరు, పాత ఫోన్ ఎక్స్‌చేంజ్ కలిస్తే మామూలు ఐఫోన్ 17 ఆ గీతలోకి వస్తుంది. 2025లో ఐఫోన్ 16 ధర 69,900కి తగ్గింది కదా అని అడుగుతారు. 128 జీబీ, 60 హెర్ట్జ్ తెర ఉన్న దాని కోసం 13 వేలు మిగుల్చుకోవడం అయిదేళ్లు ఉంచుకునేవాడికి మంచి బేరం అనిపించదు నాకు. మీ స్టోరేజీ ఇప్పటికే నిండింది కాబట్టి ఇంకా అనిపించదు.

ఆండ్రాయిడ్‌లో ఇంకా మంచి బేరాలుంటాయి, ఎందుకంటే అక్కడ ధర త్వరగా పడుతుంది. గెలాక్సీ ఎస్24 2024 జనవరిలో 79,999తో మొదలైంది, తరవాతి ఏడాది పండగ సేల్‌లో దాదాపు సగానికి దిగింది. ఏడేళ్ల అప్‌డేట్ల లెక్కలో దానికి 2031 దాకా ఉంది. కొత్తగా వచ్చిన రోజే క్యూలో నిలబడేవాడు కట్టిన మిగతా సగం దేనికో నాకు అర్థం కాదు. ఆ ధర పడటం అమ్మేటప్పుడు నష్టమే. పడ్డాక కొనేవాడికి మాత్రం లాభం.

"ఐఫోన్లు మన శ్రీపెరుంబుదూరులోనే తయారవుతున్నాయి కదా, ఇక్కడ ఎందుకు చవక కాదు?" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. ఇక్కడ జరిగేది ఎక్కువగా బిగింపు పని. చిప్పు, తెర, కెమెరా లాంటి ఖరీదైన భాగాలు బయట నుంచే రావాలి. పైగా ఫోన్ మీద జీఎస్టీ 18 శాతం, 2020 ఏప్రిల్‌కి ముందు 12 ఉండేది. 1,34,900లో దాదాపు 20,500 పన్నే. 2025 సెప్టెంబర్‌లో టీవీలకు, ఏసీలకు జీఎస్టీ తగ్గించినా ఫోన్లకు తగ్గలేదు.

అమెరికాలో ఉన్న బావ తెస్తానన్నాడని ఊరుకోకండి. ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకు సిమ్ ట్రే ఉండదు, ఈసిమ్ (ఫోన్ లోపలే ఉండే, బయటికి తీయలేని సిమ్) మాత్రమే. ఇక్కడ ఈసిమ్ పనిచేస్తుంది, గొడవ ఫోన్ చచ్చిపోయినప్పుడు వస్తుంది. మామూలు సిమ్ అయితే పీకి అమ్మ ఫోన్‌లో వేసుకుని బ్యాంకు ఓటీపీ తెచ్చుకుంటాం. ఈసిమ్ ఉన్న డెడ్ ఫోన్ పట్టుకుని మా కౌంటర్ దగ్గర "అన్నా, ఒక్క ఓటీపీ వచ్చేదాకా ఆన్ చెయ్యి చాలు" అని బతిమాలేవాళ్లను చూశాను.

ప్రో మోడల్ ఎవరికి గిట్టుతుందో కూడా చెప్పకపోతే అన్యాయం. గూడూరు నుంచి వచ్చి ఇక్కడ పెళ్లి వీడియోలు తీసే ఒకతను ఉన్నాడు. మూడు ముళ్ల సమయంలో పెద్ద కెమెరా ఒకవైపు, చేతిలో ప్రో ఫోన్ ఇంకోవైపు. అదే రాత్రికి రీల్ కట్ చేసి పెళ్లివాళ్లకు పంపుతాడు, దానికి విడిగా డబ్బు తీసుకుంటాడు. టెలిఫొటో, ప్రోరెస్, యూఎస్‌బీ 3 అతనికి రోజూ పనికొస్తాయి. ఒక సీజన్‌లోనే ఫోన్ డబ్బు వచ్చేసిందంటాడు, నమ్ముతాను. ఇంకో రకం, ఇంట్లో ఫోన్ చేతులు మారే కుటుంబాలు. అబ్బాయి మూడేళ్లు, తరవాత కావలిలో నాన్నగారు ఇంకో నాలుగేళ్లు. అలాంటి ఇళ్లలో ఖరీదైన ఫోన్ కూడా చివరికి చవకగానే తేలుతుంది. చేతిలో డబ్బుండి, ఇష్టపడి కొనేవాళ్లు మూడో రకం. వాళ్లకు లెక్కలు చెప్పడానికి నేనెవరిని? మీరు విలువ ఉందా అని అడిగారు కాబట్టి చెబుతున్నాను.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఈ శనివారం కంపెనీ సర్వీసు సెంటర్‌లో బ్యాటరీ మార్పించండి, మీ తరహా ఫోన్‌కి రెండు మూడు వేలలో అయిపోతుంది. బయట చేయిస్తే ఒరిజినలా, కాపీనా అని అడిగి, బిల్లు మీద రాయించుకోండి. ఇంటికొచ్చాక వాట్సాప్‌లో స్టోరేజీ విభాగం తెరవండి. బంధువుల గ్రూపుల్లో గుడ్ మార్నింగ్ వీడియోలే పది పదిహేను జీబీ ఉంటాయి, పందెం. పాప ఫొటోలు కంప్యూటర్‌లోకో హార్డ్ డిస్కులోకో తీసి, మొత్తం స్టోరేజీలో అయిదో వంతు ఖాళీ ఉంచండి. నిండిపోయిన మెమరీలో కొత్తది రాయాలంటే ఫోన్ ముందు పాతది చెరిపి చోటు చేసుకోవాలి, మీరు చూస్తున్న ఆ గుండ్రంగా తిరగడంలో సగం అదే. ఈ రెండూ చేశాక ఒక నెల వాడి చూడండి. చాలామంది అక్కడే ఆగిపోతారు.

ఆగలేకపోతే, ఫోన్ కొనే ముందు ఆ మోడల్‌ని షాపులో పది నిమిషాలు మీ చేత్తో వాడండి. ప్రో బరువు మామూలు మోడల్ కంటే ఎక్కువ, పడుకుని ముఖానికి పైన పట్టుకుని చూసేవాళ్లకు అది త్వరగానే తెలుస్తుంది.

సెకండ్ హ్యాండ్ వైపు మనసు వెళ్తే అదీ మంచి దారే, నా సొంత ఫోన్ అలా కొన్నదే. కానీ డబ్బు ఇచ్చేముందు *#06# కొట్టి ఐఎంఈఐ నంబరు (ఒక్కో ఫోన్‌కి ఉండే గుర్తింపు నంబరు) చూడండి. మెసేజిలో కేవైఎం అని ఇంగ్లిషు అక్షరాల్లో టైప్ చేసి, ఖాళీ వదిలి, ఆ నంబరు వేసి 14422కి పంపితే ఆ ఫోన్ బ్లాక్ అయిందో లేదో జవాబు వస్తుంది. పాత ఓనర్ అకౌంటు మీ ఎదురుగానే తీయించండి. అది తీయని ఐఫోన్‌ని మా వీధిలో ఎవరూ తెరిచి ఇవ్వలేరు, ఇస్తామన్నవాడి దగ్గరికి వెళ్లకండి. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో పార్ట్స్ చరిత్ర చూడండి, తెర మార్చి ఉంటే అక్కడ కనిపిస్తుంది. డబ్బా, ఒరిజినల్ బిల్లు లేకుండా మాత్రం ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు. మీ ఇప్పటి ఫోన్ డబ్బా అటక మీద ఉంటే కిందకి దించి పెట్టుకోండి, ఎక్స్‌చేంజ్‌లో కాకుండా బయట అమ్మితే దానికే ఒక వెయ్యి ఎక్కువ వస్తుంది.